నెలకు 5 డాలర్లు, రోజుకో గుక్క విస్కీ: లూయిస్-క్లార్క్ దండులో మామూలు సిపాయి బతుకు

1804 జూన్ 29న, కాన్సస్ నది వచ్చి మిస్సోరీలో కలిసే చోట, జాన్ కాలిన్స్ అనే సిపాయిని నిలబెట్టి వీపు మీద 100 కొరడా దెబ్బలు కొట్టారు. విస్కీకి కాపలా ఉన్నది అతనే. కాపలా కాయాల్సినవాడు తానే తాగాడు, హ్యూ హాల్ అనే తోటి సిపాయిని కూడా పోసుకోనిచ్చాడు. హాల్‌కి 50 దెబ్బలు పడ్డాయి. ఈ శిక్ష తేల్చింది కెప్టెన్లు కాదు, ఈ ఇద్దరితో పాటు పడవ లాగే తోటి సిపాయిలే. ఆ తర్వాత 9 రోజులకి, జూలై 8న, ఇదే కాలిన్స్‌ని ఒక మెస్‌కి (కలిసి వండుకు తినే జట్టుకి) వంటవాడిగా, తిండి సరుకుల బాధ్యుడిగా వేస్తూ ఉత్తర్వు వచ్చింది.

ఇదంతా ఒకే మనిషికి పది రోజుల్లో జరిగింది. లూయిస్, క్లార్క్‌ల యాత్ర గురించి మనం చదివేవాటిలో ఎక్కువ భాగం ఇద్దరు కెప్టెన్ల కథే. వాళ్ళ వెనక నడిచిన సిపాయిల పేర్లు జాబితాలో వచ్చి పోతుంటాయి. నన్ను పట్టి లాగిన ప్రశ్న ఆ పేర్లకి సంబంధించినది. యాత్ర మొదటి తొమ్మిది నెలల్లో కోర్ట్ మార్షల్ (సైనిక విచారణ) మీద కోర్ట్ మార్షల్ జరిగింది. చివరిది 1805 ఫిబ్రవరిలో. అసలు కష్టం మొదలైంది ఆ తర్వాతే: కొండలు, ఆకలి, రోగాలు. అయినా మిగిలిన 19 నెలల్లో ఒక్క విచారణ లేదు, ఒక్క దెబ్బ లేదు. ఎందుకు? దీనికి జవాబు కావాలంటే సిపాయి ఏం తిన్నాడు, ఏం మోశాడు, ఎంత సంపాదించాడు అన్నది దగ్గర నుంచి చూడాలి.

నేపథ్యం క్లుప్తంగా చెప్తాను. 1803లో అమెరికా ఫ్రాన్స్ నుంచి లూసియానా ప్రాంతాన్ని కోటిన్నర డాలర్లకు కొన్నది. నిజానికి కొన్నది ఫ్రాన్స్‌కి ఉన్న హక్కును మాత్రమే. ఆ నేల మీద మండాన్, అరికారా, లకోటా, షోషోనీ లాంటి ఎన్నో జాతులు తరతరాలుగా బతుకుతున్నాయి. వాళ్ళనెవరూ అడగలేదు. అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ తన కార్యదర్శి మెరివెదర్ లూయిస్‌ని మిస్సోరీ నది వెంట పైకి వెళ్ళి, కొండలు దాటి, పసిఫిక్ సముద్రం చేరమన్నాడు. లూయిస్ తన పాత సైనిక మిత్రుడు విలియం క్లార్క్‌ని కలుపుకున్నాడు. కాంగ్రెస్ మొదట మంజూరు చేసింది 2,500 డాలర్లు. చివరికి అయిన ఖర్చు దానికి పదిహేను రెట్ల పైనే.

అప్పటి అమెరికా సైన్యం చాలా చిన్నది. 1802 చట్టం ప్రకారం ఆఫీసర్లతో కలిపి మూడు వేల చిల్లర మంది. వాళ్ళలో చాలామంది సరిహద్దు కోటల్లో కాపలా, పరేడ్, కట్టెలు కొట్టడం, మళ్ళీ కాపలా, ఇలా ఐదేళ్ళ ఒప్పందాన్ని ఈడుస్తున్నవాళ్ళే. లూయిస్ 1803 జూన్ 19న క్లార్క్‌కి రాసిన ఉత్తరంలో ఎలాంటివాళ్ళు కావాలో చెప్పాడు: వేట బాగా వచ్చి ఉండాలి, ఒళ్ళు గట్టిగా ఉండాలి, పెళ్ళి కాకూడదు, అడవికి అలవాటుపడి శ్రమకు ఓర్చుకోవాలి. కొంతమంది కోటల నుంచి వచ్చారు, కొంతమంది కెంటకీ కుర్రాళ్ళు కొత్తగా సైన్యంలో చేరారు. పెళ్ళి నిబంధనకు జాన్ షీల్డ్స్ దగ్గర సడలింపు ఇచ్చారు. అతనికి పెళ్ళయింది, వయసు కూడా 30 దాటింది. కానీ అతను కమ్మరి, తుపాకులు బాగుచేయగలడు. అలాంటివాణ్ణి ఎవరు వదులుకుంటారు?

సిపాయికి నెలకు 5 డాలర్లు. సార్జెంట్‌కి 8, దుబాసీకి 25. ఐదు డాలర్ల కోసం ఎవరూ తెలియని కొండల్లోకి వెళ్ళరు. వాళ్ళని లాగింది ఇంకో రెండు మాటలు: తిరిగి రాగానే సైన్యం నుంచి విడుదల, కొంత భూమి. తండ్రి పొలం అన్నదమ్ముల మధ్య ముక్కలైపోయే ఇంట్లో పుట్టిన కుర్రాడికి సొంత భూమి అన్న మాట ఎంత బలమైనదో వ్యవసాయం తెలిసిన మనకి వేరే చెప్పాలా?

1803-04 చలికాలమంతా మిస్సోరీ నది ముఖద్వారానికి ఎదురుగా, వుడ్ నది ఒడ్డున శిబిరం. పని తక్కువ, ఖాళీ ఎక్కువ, దగ్గర్లో విస్కీ దుకాణం. ఏమవుతుందో ఊహించవచ్చు. కెప్టెన్లు ఊళ్ళోకి వెళ్ళి సార్జెంట్ జాన్ ఆర్డ్‌వేకి బాధ్యత ఇస్తే, అతని మాట మేం వినమని కొందరు ఎదురుతిరిగారు. వేట పేరు చెప్పి దుకాణానికి పోయినవాళ్ళని పది రోజులు శిబిరం దాటనివ్వలేదు. వాళ్ళలో జాన్ కోల్టర్ ఒకడు. తర్వాత ఆర్డ్‌వే మీదికి తుపాకీ నింపాడన్న ఆరోపణ మీద కోల్టర్, ఆర్డ్‌వేని చంపుతానన్నాడని షీల్డ్స్, ఇద్దరూ విచారణకు నిలబడ్డారు. ఇద్దరూ క్షమాపణ అడిగి బయటపడ్డారు. ఈ ఇద్దరి పేర్లు గుర్తుపెట్టుకోండి. ఏడాది తిరిగేసరికి దండులో అందరికంటే పనికొచ్చినవాళ్ళలో వీళ్ళు ముందుంటారు.

1804 మే 14న బయల్దేరారు. 55 అడుగుల కీల్‌బోటు (పెద్ద సరుకు పడవ) ఒకటి, రెండు చిన్న పడవలు. మిస్సోరీకి ఎదురు ప్రయాణమంటే నడుములు విరిగే పని. గాలి కలిసొస్తే తెరచాప ఎత్తేవాళ్ళు, లేకపోతే తెడ్లు వేసేవాళ్ళు. నీళ్ళు లోతు తక్కువైతే గడకర్రలు నేలకి గుచ్చి నెట్టాలి. అదీ కుదరకపోతే పడవకి తాడు కట్టి, ఒడ్డున బురదలో నడుస్తూ లాగాలి. లాగుతుండగానే ఒడ్డు విరిగి నదిలో పడేది. నీటి కింద కనపడని మొద్దులు పడవ అడుగుని చీల్చడానికి సిద్ధంగా ఉండేవి. రోజుకి 20, 25 కిలోమీటర్లు సాగితే అది మంచి రోజు. వేసవి ఎండ, దోమలు, మురికి నీళ్ళు. ఒంటి మీద సెగ్గడ్డలు, కడుపులో విరేచనాలు.

మే 26న కెప్టెన్లు ఇచ్చిన ఉత్తర్వు చూస్తే సిపాయి రోజు మొత్తం కళ్ళకు కడుతుంది. సిపాయిలని ముగ్గురు సార్జెంట్ల కింద జట్లుగా విడగొట్టారు. ఒక్కో జట్టుకి ఒక్కో మెస్. తిండి ఇలా తిరుగుతుంది: ఒకరోజు పొట్టు తీసిన మొక్కజొన్న, కొవ్వు, మర్నాడు పంది మాంసం, గోధుమ పిండి, ఆ మర్నాడు మొక్కజొన్న పిండి, పంది మాంసం. వేటలో తాజా మాంసం దొరికిన రోజున ఉప్పు పంది మాంసం ఇవ్వరు. వంట సాయంత్రం ఒక్కసారే. అందులోంచి కొంత దాచుకుని మర్నాడు పగలు తినాలి. పగలు పొయ్యి వెలిగించడానికి పడవ ఆగదు. జూలై 8 ఉత్తర్వులో కాలిన్స్‌కి దొరికిన పని ఈ మెస్ వంటే. దాంతో అతనికి కాపలా నుంచి, గుడారాలు వేయడం నుంచి మినహాయింపు దొరికింది. తిండి పంచే పనిని, విస్కీ దొంగతనం చేసి దొరికిపోయిన మనిషి చేతిలో పెట్టడం నాకు చాలా ఆలోచించదగ్గ విషయంగా కనిపిస్తుంది. దెబ్బలు తిన్నాక లెక్క తీరిపోయినట్టే. ఆ మనిషి మీద ముద్ర వేసి పక్కన కూర్చోబెట్టేంత మంది అక్కడ లేరు. ఉన్న ప్రతి చెయ్యీ కావాలి.

విస్కీ సంగతి కూడా చెప్పాలి. సైన్యం రేషన్‌లో విస్కీ హక్కు, బహుమతి కాదు. మనిషికి రోజుకు ఒక గిల్, అంటే సుమారు 118 మిల్లీలీటర్లు. రోజంతా నీళ్ళలో నానిన మనిషికి అదొక్కటే సాయంత్రం ఎదురుచూసే సుఖం. అయితే ఆ పీపాలు రెండున్నరేళ్ళకు సరిపోవని అందరికీ తెలుసు. కాబట్టి కాలిన్స్ తాగింది ప్రభుత్వం సొత్తు మాత్రమే కాదు, పక్కవాడి గిల్ కూడా. అతన్ని విచారించిన తోటివాళ్ళు అంత కఠినంగా ఎందుకున్నారో ఇక్కడ అర్థమవుతుంది. అప్పటి సైనిక చట్టంలో కొరడా దెబ్బలకి పైహద్దు వంద. వాళ్ళు ఆ హద్దు దాకా వెళ్ళారు.

ఈ కోర్టు ఎలా ఉండేదో చూద్దాం. సాధారణంగా సైన్యంలో విచారించేది ఆఫీసర్లు. ఇక్కడున్నదే ఇద్దరు ఆఫీసర్లు. అందుకని ఒక సార్జెంట్ అధ్యక్షుడిగా, కొందరు సిపాయిలు సభ్యులుగా కోర్టు కూర్చునేది. కెప్టెన్లు తీర్పుని ఆమోదించేవాళ్ళు లేదా తగ్గించేవాళ్ళు. కాలిన్స్ కేసులో సార్జెంట్ ప్రయర్ అధ్యక్షుడు. సభ్యుల్లో పైన చెప్పిన కోల్టర్ ఉన్నాడు, పాట్రిక్ గాస్ ఉన్నాడు, జాన్ న్యూమన్ అనేవాడూ ఉన్నాడు. న్యూమన్‌ని కూడా గుర్తుపెట్టుకోండి.

మరణశిక్ష పడే నేరాలు ఈ కోర్టు పరిధిలోకి రావు. జూలైలో అలెగ్జాండర్ విల్లార్డ్ కాపలాలో పడుకుని నిద్రపోయాడు. యుద్ధ నియమాల ప్రకారం దానికి మరణశిక్ష దాకా పడవచ్చు. కెప్టెన్లే విచారించి 100 దెబ్బలు వేశారు, నాలుగు సాయంత్రాలు వరసగా పాతికేసి. మొదటి సాయంత్రం చీలిన చర్మం మీద రెండో సాయంత్రం మళ్ళీ పాతిక. పగలు పడవ పని యథాప్రకారం. ఆ నాలుగు రోజులూ అతను తెడ్డు ఎలా పట్టాడో ఏ డైరీలోనూ లేదు.

ఆగస్టులో మోజెస్ రీడ్ పారిపోయాడు. కత్తి మర్చిపోయాను, వెనక్కి వెళ్ళి తెచ్చుకుంటానని చెప్పి మాయమయ్యాడు. పట్టుకొచ్చారు. శిక్ష: దండు మొత్తం రెండు వరసల్లో నిలబడితే వాటి మధ్య నుంచి నాలుగుసార్లు పరిగెత్తాలి. ఒక్కొక్కరి చేతిలో తొమ్మిదేసి బెత్తాలు. ఆ పైన దండు నుంచి వెలి. అక్కడే ఉన్న ఓటో తెగ పెద్దలు అతన్ని వదిలేయమని బతిమాలారు. అది ఆగస్టు 18. లూయిస్ 30వ పుట్టినరోజు. ఆ సాయంత్రమే అందరికీ ఇంకో గిల్ విస్కీ అదనంగా పోశారు, రాత్రి 11 దాకా ఫిడేలు పాటకి నాట్యాలు. బెత్తం పట్టుకున్న చేతులే ఆ రాత్రి చప్పట్లు కొట్టాయి. ఇది చదివినప్పుడు ఒళ్ళు జలదరించింది. వాళ్ళు రాక్షసులని కాదు. ఆ కాలపు సైనిక జీవితంలో శిక్షకీ సంబరానికీ మధ్య ఒక రాత్రి కూడా ఎడం అక్కర్లేదని.

రెండు రోజులకే, ఆగస్టు 20న, సార్జెంట్ చార్లెస్ ఫ్లాయిడ్ చనిపోయాడు. కడుపునొప్పితో మొదలైంది. అపెండిక్స్ పగిలి ఉంటుందని నేటి వైద్యుల అంచనా. అప్పుడు ప్రపంచంలో ఏ ఆసుపత్రిలోనూ దానికి వైద్యం లేదు. 28 నెలల యాత్రలో దండు కోల్పోయిన ప్రాణం ఇదొక్కటే. అతని స్థానంలో ఎవరన్నది కెప్టెన్లు సిపాయిలకే వదిలేశారు. ఓట్లు వేశారు. 19 ఓట్లతో పాట్రిక్ గాస్ గెలిచాడు. సార్జెంట్‌ని సిపాయిలు ఎన్నుకోవడం మామూలు పటాలంలో ఎవరూ కలలో కూడా అనుకోని పని.

ఇక న్యూమన్. అక్టోబరులో, ఇప్పటి డకోటా ప్రాంతంలో, అతను ఆఫీసర్ల మీద నోరు జారాడు. తిరుగుబాటు మాటలన్నారు. 75 దెబ్బలు, దండు నుంచి వెలి. నాలుగు నెలల కిందట కాలిన్స్ మీద తీర్పు చెప్పినవాళ్ళలో ఒకడి వీపే ఇది. నదిలో ఒక ఇసుకతిన్నె మీద ఆపి శిక్ష అమలు చేశారు. వెంట ఉన్న అరికారా పెద్ద ఒకాయన అది చూసి గట్టిగా ఏడ్చాడు. కారణం వివరిస్తే, తప్పు చేసినవాడికి శిక్ష పడాల్సిందే, నేనే కొందరికి మరణశిక్ష వేశాను, కానీ మా జాతిలో పుట్టిన పిల్లల్ని కూడా కొరడాతో కొట్టం అన్నాడట. దీన్ని డైరీలో రాసిపెట్టింది క్లార్కే.

ఆ చలికాలం మండాన్ ఊళ్ళ పక్కన కోట కట్టుకుని గడిపారు. డిసెంబరులో చలి మైనస్ 40 డిగ్రీలు దాటింది. కాపలావాళ్ళని గంటకోసారి మార్చాల్సి వచ్చేది. జోసెఫ్ వైట్‌హౌస్ అనే సిపాయి కాళ్ళు చలికి మాడిపోయాయి. మామూలు సిపాయిల డైరీల్లో ఇప్పటిదాకా మిగిలింది ఇతనిదొక్కటే. అతను వృత్తికి దర్జీ, తోళ్ళతో బట్టలు కుట్టేవాడు. ఆ చలికాలం ఈ దండుని బతికించింది మండాన్ స్త్రీలు పండించిన మొక్కజొన్న. దానికి మారుగా షీల్డ్స్ కొలిమి పెట్టుకుని గొడ్డళ్ళు చేసి ఇచ్చాడు. ఏడాది కిందట సార్జెంట్‌ని చంపుతానన్న మనిషి ఇప్పుడు మొత్తం దండుకి అన్నం పెడుతున్నాడు.

చివరి కోర్ట్ మార్షల్ ఇక్కడే. 1805 ఫిబ్రవరి 9న థామస్ హోవర్డ్ చీకటి పడ్డాక వచ్చి, తలుపు తీయమని పిలవకుండా కోట గోడ ఎక్కి దూకాడు. అది చూసిన ఒక మండాన్ మనిషి కూడా అలాగే ఎక్కాడు. గోడ ఎంత తేలికో అందరికీ తెలిసిపోయిందని లూయిస్‌కి టెన్షన్ పట్టుకుంది. కోర్టు 50 దెబ్బలు వేసి, క్షమించమని సిఫారసు కూడా చేసింది. లూయిస్ క్షమించాడు. అంతే. ఆ తర్వాత కొరడా ఎత్తలేదు.

ఎందుకు ఆగింది? కష్టాలు కలిసి పడితే మనుషులు ఒక కుటుంబమైపోతారని చాలామంది రాస్తారు. అందులో కొంత నిజం ఉండొచ్చు, కానీ అది సరిపోదు. నాకు కనిపించే కారణాలు ఇంకా మామూలువి. మొదటిది, వడపోత. 1805 ఏప్రిల్ 7న పెద్ద పడవని వెనక్కి పంపినప్పుడు రీడ్, న్యూమన్ అందులో వెళ్ళిపోయారు. ముందుకి సాగింది 33 మంది: ఇద్దరు కెప్టెన్లు, ముగ్గురు సార్జెంట్లు, 23 మంది సిపాయిలు, ఇద్దరు దుబాసీలు, వాళ్ళలో ఒకరి భార్య అయిన షోషోనీ అమ్మాయి సకాజవేయా, ఆమె పసిబిడ్డ, క్లార్క్ బానిస యార్క్. రెండోది విస్కీ. విచారణల్లో ఎన్నిటికి మూలం మద్యమో లెక్కపెట్టండి. ఆ ఏడాది జూలై 4న స్వాతంత్ర్య దినం నాడు ఆఖరి చుక్క అయిపోయింది. మూడోది, పారిపోవడానికి చోటు లేదు. వందల మైళ్ళ లోపల ఒంటరి మనిషి బతకలేడు. జార్జ్ షానన్ అనే కుర్ర సిపాయి 1804లోనే దారితప్పి రెండు వారాలు తిరిగాడు. గుళ్ళు అయిపోతే తుపాకీలో కర్రపుల్ల పెట్టి ఒక కుందేలుని కొట్టాడు. మిగతా రోజులు అడవి ద్రాక్ష. ఆ కథ అందరూ విన్నదే.

నాలుగోది అన్నిటికంటే బరువైనదని నా అభిప్రాయం: నమ్మకం, అదీ ఊరికే రాలేదు. 1805 జూన్‌లో నది రెండుగా చీలింది. ఏది మిస్సోరీ? సిపాయిలందరూ ఉత్తర పాయే అన్నారు. కెప్టెన్లిద్దరూ దక్షిణ పాయ అన్నారు. పంతం పట్టకుండా రెండు పాయల వెంటా మనుషులతో వెళ్ళి రోజుల తరబడి చూసొచ్చారు. అయినా సిపాయిల అభిప్రాయం మారలేదు. అసలైన నది అదేనని మేం ఇప్పటికీ అనుకుంటున్నాం, కానీ మీరు ఎటు అంటే అటు సంతోషంగా వస్తాం అన్నారు. ఎదుటివాడి మాట తప్పనుకుంటూనే అతని వెంట నడవడం కొరడాతో రాదు. దక్షిణ పాయే సరైనదని కొద్ది రోజులకే జలపాతాల హోరు చెప్పింది.

ఆ జలపాతాలే వాళ్ళ ఒంట్లో శక్తిని పిండేశాయి. గ్రేట్ ఫాల్స్ చుట్టూ పడవల్నీ సామాన్నీ నేల మీద 29 కిలోమీటర్లు చేరవేయాలి. చెట్టు మొద్దు కోసి చక్రాలు చేశారు. అవి విరుగుతుంటే మళ్ళీ చేశారు. నేలంతా ముళ్ళ జెముడు. అడవిదున్నల మంద తొక్కిన బురద ఎండి గట్టి అంచులుగా మారి అరికాళ్ళని కోసేది. బూట్లు ఎప్పుడో పోయాయి. మొకాసిన్లు అనే మెత్తటి తోలు చెప్పులకి రెండో అడుగు అట్ట కుట్టుకున్నారు. అయినా ముళ్ళు దిగేవి. బండి ఆగిన ప్రతిచోటా మనుషులు పడిపోయి క్షణంలో నిద్రపోయేవాళ్ళని కెప్టెన్లు రాశారు. జూన్ 29న వడగళ్ళ వాన. ఎండకి చొక్కాలు తీసేసి లాగుతున్నవాళ్ళ తలలు, వీపులు రక్తం కారాయి. కొందరు దెబ్బకి నేలకూలారు. మొత్తం పని పూర్తయ్యేసరికి నెల పట్టింది. అంతకు ముందు మే 31న లూయిస్ తన డైరీలో, చంకల దాకా చల్లని నీళ్ళలో, వట్టికాళ్ళతో పదునైన రాళ్ళ మీద నడుస్తూ కూడా వీళ్ళు ఒక్క సణుగుడు లేకుండా పనిచేస్తున్నారని రాసుకున్నాడు.

ఇంత పనికి తిండి కూడా అలాగే ఉండేది. మైదానాల్లో ఉన్నన్నాళ్ళూ రోజుకు నాలుగు జింకలు, లేదా ఒక ఎల్క్ (పెద్ద జాతి జింక), ఒక జింక, లేదా ఒక అడవిదున్న కావాల్సి వచ్చేదని లూయిస్ లెక్క వేశాడు. మనిషికి నాలుగు కిలోల దాకా మాంసం. వేట ఉన్నంతకాలం అది నడిచింది. 1805 సెప్టెంబరులో బిట్టర్‌రూట్ కొండల్లోకి ఎక్కాక జంతువే కనపడలేదు. మంచు, జారుడు దారి, పడిపోతున్న గుర్రాలు. వెంట తెచ్చుకున్న గుర్రప్పిల్లలని కోసుకు తిన్నారు. ఫిలడెల్ఫియాలో చేయించి తెచ్చిన ఎండు సూపు నీళ్ళలో కలుపుకుని తాగారు. పదకొండు రోజుల తర్వాత కిందికి దిగినప్పుడు నెజ్ పర్స్ ప్రజలు ఎండు చేపలు, కామాస్ దుంపలు పెట్టారు. ఆకలి మీద ఎక్కువ తిని దాదాపు అందరూ మంచం పట్టారు. ఆ స్థితిలో ఈ దండుని లేకుండా చేయడం ఎంత తేలికో ఆలోచించండి. వాట్కువెయిస్ అనే వృద్ధురాలు అడ్డుపడి, వీళ్ళని చంపొద్దని చెప్పిందని నెజ్ పర్స్‌ల మౌఖిక చరిత్ర చెబుతుంది. తిండి పెట్టడమే కాదు, వాళ్ళు తిరిగొచ్చేదాకా గుర్రాలని కూడా చూసుకున్నారు.

జబ్బు చేస్తే వైద్యం కెప్టెన్లదే. రక్తం తీయడం, డాక్టర్ బెంజమిన్ రష్ ఇచ్చిన మాత్రలు వేయడం. 600 మాత్రలు తెచ్చుకున్నారు. పాదరసం కలిసిన గట్టి విరేచన మందు అది. సుఖవ్యాధులకి కూడా పాదరసమే. 2002లో మోంటానాలో వాళ్ళ పాత మజిలీ తవ్వినప్పుడు, మరుగుదొడ్డి గుంట ఉందనుకున్న చోట మట్టిలో పాదరసం ఆనవాళ్ళు కనిపించాయి. దండు ఎక్కడ దిగిందో తేల్చడానికి ఇప్పుడు అది సాక్ష్యం.

సముద్రం దగ్గర గడిపిన 1805-06 చలికాలం గురించి క్లుప్తంగానే చెప్తాను, ఎందుకంటే అది వానలో నానిన ఒకే రోజు నూరుసార్లు గడిచినట్టుంటుంది. అంతకుముందు నవంబరు 24న ఎక్కడ కోట కట్టాలన్న దాని మీద అందరి అభిప్రాయం అడిగి పేరు పేరునా క్లార్క్ రాసుకున్నాడు. యార్క్‌ది కూడా, సకాజవేయాది కూడా. దీన్ని ప్రజాస్వామ్యం అని పొంగిపోయేవాళ్ళున్నారు. నేనంత దూరం వెళ్ళను. తుది మాట కెప్టెన్లదే. కానీ అడిగారు, రాసుకున్నారు, అది చిన్న విషయం కాదు. కోట పేరు క్లాట్సప్. అక్కడున్న కాలంలో వాన పడని రోజులు పన్నెండే. క్రిస్మస్ విందు కుళ్ళిన ఎల్క్ మాంసం. కొందరు సిపాయిలు సముద్రపు ఒడ్డున పగలూ రాత్రీ నీళ్ళు కాచి ఉప్పు తీశారు. మిగతావాళ్ళు తోళ్ళు పదునుచేసి చెప్పులు కుట్టారు. మార్చిలో గాస్ లెక్కపెడితే 338 జతల మొకాసిన్లు తేలాయి. తిరుగు ప్రయాణానికి మనిషికి సుమారు పది జతలు.

తిరుగు ప్రయాణంలో నాకు అన్నిటికంటే దగ్గరగా అనిపించేది 1806 మే 21 నాటి సంగతి. కొండల మీద మంచు కరిగేదాకా నెజ్ పర్స్‌ల దగ్గర ఆగాలి. వస్తుమార్పిడికి తెచ్చిన సరుకు దాదాపు అయిపోయింది. ఉన్నదంతా అందరికీ పంచారు. మనిషికి ఒక ఆరె, ఒక అల్లిక సూది, రెండు కుట్టు సూదులు, కొన్ని దారపు చుట్టలు, అర ఔన్సు రంగుపొడి, ఒక గజం రిబ్బను. కొండలు దాటడానికి కావాల్సిన దుంపలు ఎవరికి వాళ్ళు వీటితోనే కొనుక్కోవాలి. అవీ అయిపోతే కోట్లకున్న ఇత్తడి గుండీలు కోసి అమ్మారు. సైన్యం యూనిఫాంలో మిగిలిన ఆఖరి విలువైన వస్తువు అదే.

1806 సెప్టెంబరు 23న సెయింట్ లూయిస్ చేరారు. అక్టోబరు 10న విడుదల. 1804 జనవరి 1 నుంచి లెక్కలో ఉన్న సిపాయికి 33 నెలల 10 రోజులకు వచ్చింది 166 డాలర్ల 66 సెంట్లు. 1807 మార్చిలో కాంగ్రెస్ దాన్ని రెట్టింపు చేసి, తలా 320 ఎకరాల పత్రం ఇచ్చింది. కెప్టెన్లకి 1,600 ఎకరాలు చొప్పున. సిపాయిల జాబితాలో న్యూమన్ పేరు కూడా ఉంది. వెలివేశాక కూడా అతను ఆ చలికాలమంతా చేతులు కాళ్ళు గడ్డకట్టేలా పనిచేసి తప్పు దిద్దుకోవాలని చూశాడు. లూయిస్ అప్పుడు మళ్ళీ చేర్చుకోలేదు, కానీ తర్వాత యుద్ధశాఖకి రాసిన ఉత్తరంలో అతని తరఫున సిఫారసు చేశాడు.

భూమి కోసం వెళ్ళినవాళ్ళలో చాలామంది ఆ భూమి మీద నిలబడలేదు. కాలిన్స్, వైట్‌హౌస్ తమ పత్రాలని దండులో వేటగాడు, దుబాసీ అయిన జార్జ్ డ్రూయార్‌కి అమ్ముకున్నారు. చేతిలో డబ్బు లేనివాడికి దున్నని 320 ఎకరాల కంటే ఇవాళ దొరికే నోట్లే అక్కరకొస్తాయి. వైట్‌హౌస్ మళ్ళీ సైన్యంలో చేరి, బ్రిటన్‌తో జరిగిన 1812 యుద్ధంలో పోరాడి, 1817లో పారిపోయాడు. ఆ తర్వాత అతని జాడ లేదు. కోల్టర్‌తో వేటకి వెళ్ళిన జాన్ పాట్స్ అనే సిపాయి 1808లో బ్లాక్‌ఫీట్ తెగవాళ్ళ చేతిలో చనిపోయాడు. షానన్ ఒక కాలు పోగొట్టుకుని, చదువుకుని వకీలయ్యాడు. గాస్ అందరికంటే ఎక్కువకాలం బతికి, 98 ఏళ్ళ వయసులో 1870లో పోయాడు.

యార్క్‌కి జీతం లేదు, భూమి లేదు. అందరితో పాటు నడిచాడు, వేటాడాడు, రోగులకి సేవ చేశాడు, అభిప్రాయం అడిగితే చెప్పాడు. తిరిగొచ్చాక భార్య ఉన్న లూయీవిల్‌లో ఉండనివ్వమని, కావాలంటే అక్కడ కూలికి కుదిరి ఆ డబ్బు పంపుతానని క్లార్క్‌ని అడిగాడు. క్లార్క్ ఒప్పుకోలేదు. 1809లో తన అన్నకి రాసిన ఉత్తరంలో, ఈమధ్య వాణ్ణి గట్టిగా కొట్టాను, ఇప్పుడు బాగా దారికొచ్చాడు అన్నాడు. యార్క్‌కి స్వేచ్ఛ ఇచ్చేశానని 1832లో ఒక రచయితతో చెప్పాడు. ఏ సంవత్సరంలో ఇచ్చాడన్నదానికి కాగితం ఏదీ దొరకలేదు.